చప్పట్లు విన్నదెవరు?

"గాజులు ఎందుకు ఏసుకుంటలేవని అడుగుతుండు బాపు."

"ఎందుకు తెచ్చిండో చెప్పుమను, ఏసుకుంట."

సారిక వంటింటి గడపలో నిలబడి అటూ ఇటూ చూసింది. ముందు గదిలో మంచం మీద తండ్రి, వెనక పొయ్యి దగ్గర తల్లి. ఇద్దరి మధ్య మహా ఉంటే పది అడుగులు. జ్ఞానయ్య హైదరాబాద్ నుంచి దిగిన శనివారం మొదలు ఇవాళ మంగళవారం దాకా ఆ పదడుగుల మీదుగా మాటలు చేరవేయడమే ఆ పిల్లకు పనైంది. బడికి వేసవి సెలవులు కాబట్టి సరిపోయింది. లేకపోతే సెంటినరీ కాలనీలో పిల్లలకు పాఠాలు చెప్పివచ్చి, ఇంట్లో ఈ ఇద్దరు పెద్ద పిల్లల పంచాయతీ కూడా చూడాల్సి వచ్చేది.

"పెండ్లానికి గాజులు తెచ్చుడు గూడ తప్పేనా అంటుండు."

"ముప్పై మూడేండ్ల సంది యాదికిరాని పెండ్లాం ఇప్పుడెట్ల యాదికొచ్చిందో అడుగు."

సారిక చెప్పకముందే ఆ మాట జ్ఞానయ్య చెవిన పడింది. పడనట్టే పేపరు తిప్పాడు. అది నిన్నటి పేపరు.

మార్తమ్మకు కోపం ఉంది, కాదనలేం. కానీ కోపం కంటే పెద్దది ఇంకోటి మూడు రోజులుగా ఆమెను వదలడం లేదు. అనుమానం. కోపమైతే గిన్నెలు దబదబా పెట్టి తీర్చుకోవచ్చు. దీనికి ఏ గిన్నె చప్పుడూ చాలడం లేదు.

ముప్పై మూడేళ్ల సర్వీసులో జ్ఞానయ్య సరదాకని ఒక్క రోజు సెలవు పెట్టిన మనిషి కాదు. పెళ్లైన కొత్తలో రామగిరి ఖిల్లా చూపిస్తానన్నాడు. బస్సెక్కితే గంట దూరం. ఆ బస్సు ఇంతవరకు రాలేదు. అలాంటివాడు పోయిన వారం ఉన్నట్టుండి నాలుగు రోజులు సెలవు పెట్టి, పక్క క్వార్టర్ అలీముద్దీన్‌ను వెంటేసుకుని, చార్మినార్ చూసొస్తాం, గోల్కొండ చూసొస్తాం అని బయల్దేరాడు. అదీ మే నెలలో. గోదావరిఖనిలో ఎండ దొరకనట్టు, ఎండ చూడటానికి హైదరాబాద్ పోయాడు.

పోయి వచ్చినవాడి చొక్కా ఉతుకుతుంటే జేబులో దూది ముక్క దొరికింది, అంటించే పట్టీతో సహా. ఎడమచేతి మడత దగ్గర రూపాయి బిళ్లంత నీలి మచ్చ.

"దోమ కుట్టిందంటుండమ్మా," అని అప్పుడు కూడా సారికే కబురు మోసింది.

"హైదరాబాద్ దోమలు కుట్టినంక దూది గూడ పెడుతయా?"



అది శనివారం సంగతి. ఆదివారం చర్చి అయ్యాక నస్పూర్ నుంచి కొడుకు గిడియోన్ వచ్చాడు. తండ్రీ కొడుకులు వెనకాల నీళ్ల తొట్టి దగ్గర నిలబడి గుసగుసలాడారు. మార్తమ్మ గిన్నె కడిగే వంకతో వెళ్లేసరికి ఇద్దరికీ నోళ్లు పడిపోయాయి. కొడుకు బండెక్కబోతుంటే ఆపి అడిగింది.

"ఏం మాట్లాడిండ్రురా?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే మొఖం గట్లెందుకున్నది?"

"బాపుకు మాటిచ్చిన. నన్ను అడుగకే," అని వాడు తలెత్తకుండా బండి తీశాడు.

ఇంకేం కావాలి? మార్తమ్మకు లెక్క కుదిరిపోయింది. బొగ్గు బాయి దిగలేని మనిషని కంపెనీ డాక్టర్ల బోర్డు తేల్చేస్తే, ఆ నౌకరి ఇంట్లో ఒకరికి వస్తుంది. కాకపోతే రిటైర్మెంట్‌కు రెండేళ్ల పైన మిగిలి ఉండాలి. జ్ఞానయ్యకు వచ్చే నెలాఖరు దాటితే ఆ గడువు తీరిపోతుంది. అన్‌ఫిట్ అనే మాట చెవిన పడితే ఈ కాలనీలో ఎవరూ జబ్బేమిటని అడగరు. నౌకరి ఎవరికి పెడుతున్నాడని అడుగుతారు.

ఎవరికి పెట్టాలో ఈ ఇంట్లో రెండేళ్ల కిందటే తేలింది. గిడియోన్‌కు బండి ఉంది, నస్పూర్‌లో కాపురం ఉంది. సారికకు ఉన్నదల్లా ప్రైవేటు బడి కొలువు, అది జూన్‌లో ఉంటుందో ఊడుతుందో మే నెలలో ఎవరూ చెప్పలేరు. నౌకరి సారికకే అని జ్ఞానయ్య బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పాడు. ఇప్పుడు కొడుకుతో గుసగుసలు, చేతికి సూది, జేబులో దూది, పైన ఆమె నోరు మూయించడానికి గాజులు. బిడ్డ నోటికాడి ముద్ద కొడుక్కు పెడుతున్నాడు, అది కూడా దొంగచాటుగా. తలుచుకుంటే మార్తమ్మకు గుండె మండిపోతోంది.

"మార్తా, ఉన్నవా?"

తలుపు తోసుకుని వచ్చింది అలీముద్దీన్ భార్య షహజాదీ బేగం. చేతిలో మూత పెట్టిన గిన్నె.

"ఖట్టీ దాల్ చేసిన. సారికకు ఇష్టమని తెచ్చిన. ఏంది, మీ ఇంట్ల గింత చప్పుడు లేదు? అందరు నిద్ర పోయిండ్రనుకున్న."

"దా అక్కా, కూసో," అని మార్తమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చింది. శనివారం నుంచి ఆయన ఉండగా ఆమె ఆ గదిలోకి రావడం అదే మొదటిసారి. జ్ఞానయ్య పేపరు మడిచి లేవబోయాడు.

"నేను జెర చౌరస్తా దాక పోయొస్త."

"సారికా, ఎండల చౌరస్తాల ఏం పనో అడుగు. ఏం పని లేకపోతె కూసోమను."

కూర్చున్నాడు.

షహజాదీ బేగం ఒకసారి ఆయన్ని, ఒకసారి ఆమెను చూసి నవ్వాపుకుంది. ఈ రెండిళ్లకూ గోడ ఒకటే. ఒక ఇంట్లో తుమ్మితే రెండో ఇంట్లో వినిపిస్తుంది. మగవాళ్లిద్దరిదీ ఒకే బాయి, ఒకే షిఫ్టు. డ్యూటీ దిగాక ముందు పైకి వచ్చినవాడు రెండోవాడు వచ్చేదాకా టోపీ లైట్లు అప్పగించే లాంప్ రూం ముందు నిలబడతాడు. ముప్పై ఏళ్లుగా అంతే. ఇంటి దగ్గర అన్నం చల్లారిపోయినా సరే, జోడీ లేకుండా కదలరు. ఇవాళ మాత్రం జ్ఞానయ్యకు ఇంకా సెలవుంది, అలీముద్దీన్ ఒక్కడే పొద్దుటి షిఫ్టుకు పోయాడు.

"అక్కా, గోల్కొండ సంగతి అన్న నీకేం చెప్పిండు?" మార్తమ్మ గొంతు పంచదార కలిపినంత తియ్యగా ఉంది. ఆ గొంతు వింటే ఎవరైనా జాగ్రత్త పడాలి. షహజాదీ బేగం పడలేదు.

"అయ్యో, మస్తు చెప్పిండు. కింద దర్వాజ కాడ నిలబడి చప్పట్లు కొట్టిండంట. గుట్ట మీద బారాదరి కాడ ఉన్న జ్ఞానం భయ్యాకు మంచిగ ఇనొచ్చిందంట. అంత పైకి ఎట్లెక్కినవ్ భయ్యా, ఈ వయసుల?"

మార్తమ్మ జ్ఞానయ్య వైపు తిరిగింది.

"ఈయన పైనున్నడా?" అంది మార్తమ్మ.

"హౌ, పైన."

"సారికా, శనివారం బాపు మనకేం చెప్పిండో చెప్పవే."

సారిక తండ్రి వైపు చూసింది. ఆయన నేల వైపు చూస్తున్నాడు.

"బాపు కింద నిలబడి చప్పట్లు కొట్టిండంట. పైనుంచి అలీ కాక ఇన్నడంట."

"ఇద్దరు కిందనే ఉంటే," అని మార్తమ్మ వేలు పైకి చూపించింది, "ఆడ పైన నిలబడి ఇన్నదెవరయ్యా?"

సారిక అక్కర్లేకుండానే ఆయనతో మాట్లాడేసిందని ఆమెకు తర్వాత గానీ తట్టలేదు.

జ్ఞానయ్య నీళ్లు నమిలాడు. "ఒకసారి ఆయన ఎక్కిండు, ఒకసారి నేనెక్కిన."

"మొన్న డాబా మీద నీళ్ల ట్యాంకు నిండిందో లేదో చూసి రమ్మంటె సగం మెట్లల్ల కూసున్నవ్. అరగంట దగ్గినవ్. నువ్వు గోల్కొండ ఎక్కినవా?"

"మెల్లగ ఎక్కిన."

"మ్యూజియం చూసిననన్నవ్ గదా, అది గూడ మెల్లగనే చూసినవా? ఎన్నడు చూసినవ్?"

"శుక్రారం. చెప్పిన గదా. పెద్ద గడియారం ఉంటది, గంట గంటకు చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొడ్తది. మస్తు మంది నిలబడి చూస్తరు."

షహజాదీ బేగం నవ్వబోయి ఆగిపోయింది.

"శుక్రారమా? జుమ్మా దినం మ్యూజియం బంద్ ఉంటది గదా భయ్యా. మా నానీ ఇల్లు, అదే మా అమ్మమ్మది, ఆ మ్యూజియం కాడ దారుల్‌షిఫాలనే. చిన్నప్పుడు సెలవులకు పోతే జుమ్మా దినం ఆ గేటుకు తాళమే చూస్తుంటిమి." ఆమె ముఖంలో నవ్వు మెల్లగా తగ్గిపోయింది. "ఆయన నాకు చెప్పింది వేరే. జుమ్మా నమాజు మక్కా మసీదుల చేసిండంట. మరి నువ్వు ఒక్కనివే పోయినవా?"

"ఆఁ, ఒక్కన్నే."

"తాళమేసిన మ్యూజియంలకు?" అంది మార్తమ్మ.

అప్పటిదాకా అనుమానం ఒక్క ఇంటిదే. ఇప్పుడు రెండిళ్లకు అంటుకుంది. షహజాదీ బేగం కొంగు తల మీదికి లాక్కుని కుర్చీలో ముందుకు జరిగింది. 

"నిజం చెప్పు భయ్యా. మా ఆయన ఆడికెందుకు పోయిండు? వచ్చినకాడి నుంచి మాట లేదు, పలుకు లేదు. ఫోను మోగితే బయటికి పోయి మాట్లాడుతుండు. నేను పోతే ఊకుంటుండు. ఆడ ఎవరన్న ఉన్నరా?"

"అయ్యో భాబీ, గట్ల అనకు. అలీ అసొంటోడా?"

"మరి ఎసొంటోడు? నువ్వు చెప్పు."

జ్ఞానయ్య నోరు తెరిచాడు. ఏదో అనబోయాడు కూడా. అంతలో అటు ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి. రోజూ ఉండేదే కాబట్టి ఎవరూ ఉలిక్కిపడలేదు. సారిక చెయ్యి దానంతటదే అల్మారాలో స్టీలు గ్లాసుల మీదికి వెళ్లింది. షహజాదీ బేగం దాల్ గిన్నె మూత పట్టుకుంది. జ్ఞానయ్య కళ్లు మాత్రం తలుపు పక్కన మేకు మీదికి పోయాయి.

మేకుకు డ్యూటీ సంచి వేలాడుతోంది. అదురుకు అటూ ఇటూ ఊగుతోంది.

ఆ చూపు మార్తమ్మ పట్టేసింది. కాపురం చేసిన ఇన్నేళ్లలో ఆయన అబద్ధాలు ఆడింది తక్కువ. ఆడినప్పుడల్లా కళ్లే ఆయన్ని పట్టించాయి.

ఆ సంచి ఆమె ముట్టదు. పెళ్లైన కొత్తలో ఆయన పెట్టిన నియమం అది. టిఫిన్ డబ్బా చేతికిస్తే ఆయనే సంచిలో పెట్టుకుంటాడు, ఆయనే దులుపుకుంటాడు, ఆయనే ఉతుక్కుంటాడు. బాయికి పోయే సంచిలో ఇంటివాళ్ల చెయ్యి పడితే ఆ రోజు కింద తనకు మనసు నిలవదంటాడు. నవ్వొచ్చినా మార్తమ్మ ఇన్నేళ్లూ ఆ మాట దాటలేదు. చెయ్యి పెట్టాలని ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు కూడా.

సెలవులో ఉన్నవాడి సంచి ఖాళీగా ముడతలు పడి ఉండాలి. అది బల్లపరుపుగా, బిగిసి ఉంది.

ఆమె లేచింది.

"దించకు మార్తా," అన్నాడు జ్ఞానయ్య.

నాలుగు రోజుల్లో ఆయన ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఆ మాటతో ఆమెకు ఉన్న కాస్త సందేహమూ పోయింది. సంచి దించింది. పొడుగాటి ఎక్స్‌రే కవరు ఒకటి అంచు బయటికి పెట్టి కనబడింది. దాన్ని లాగి పైకెత్తి పట్టుకుంది, దొంగ సొత్తు దొరికినట్టు.

"చూసినవా అక్కా! గోల్కొండంట, గడియారంల బొమ్మంట! బోర్డుకు పోను కాగితాలు తయారు చేసుకొచ్చిండు. ఎవల కోసం? కొడుకు కోసం. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పిన మాట యాడ పాయె? బిడ్డ నీకు బిడ్డ గాదా? నాకు గాజులు, దానికి టోపీ!"

"మార్తా, మాట ఇను."

"ఇనేది ఏమున్నది, చదివేది ఉన్నది. సారికా, చదువు. దవాఖాన పేరు నాకొద్దు. మనిషి పేరు చదువు, జబ్బు పేరు చదువు. అక్క గూడ ఇననీ."

సారిక కవరు అందుకుంది. మీద అంటించిన చీటీ చూసింది. మళ్లీ ఒకసారి చూసింది.

"ఏందే, నోరు పోయిందా?"

"అమ్మా." సారిక తల్లి వైపు చూడలేదు. షహజాదీ బేగం వైపు చూసింది. "ఇది బాపుది కాదు."

"మరెవలది?"

"మహ్మద్ అలీముద్దీన్ అని ఉన్నది."

షహజాదీ బేగం చెయ్యి ఇంకా దాల్ గిన్నె మూత మీదే ఉంది. అక్కడి నుంచి కదల్లేదు. బ్లాస్టింగ్ దుమ్ము కిటికీలోంచి వచ్చి ఆ స్టీలు మూత మీద సన్నగా వాలుతోంది.

"కూసో భాబీ," అన్నాడు జ్ఞానయ్య, ఆమె కూర్చునే ఉన్నా.

"చెప్పు."

"ఒక దిక్కు ఊపిరితిత్తుల గడ్డ లెక్క కనబడ్తున్నదంట. ముక్క తీసి పరీక్ష చెయ్యాలన్నరు. అప్పటిదాక ఏం చెప్పలేమన్నరు."

"నాకెందుకు చెప్పలే?"

"ఎవలకు చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. నీకు తెల్వందేమున్నది భాబీ, యూనియన్ గేటు మీటింగుల ఎన్నిసార్లు మైకు పట్టుకున్నడు. లేని జబ్బు తెచ్చుకొని అన్‌ఫిట్ అయ్యేటోళ్లు సిగ్గుపడాలె అన్నడు. ఇప్పుడు నిజంగనే జబ్బొచ్చిందంటే ఎవడు నమ్ముతడు? కొడుకు నౌమాన్‌కు నౌకరి పెట్టిచ్చెటందుకు నాటకమాడుతుండంటరు. నలుగురు నవ్వుతరు, అంటడు. ఇంట్ల పెట్టుకుంటే నీ కంట పడ్తదని ఈ కవరు నా సంచిల పెట్టిండు."

"నాకు చెప్తే నేను గూడ నమ్మకపోదునా?"

 ఆ మాట మార్తమ్మకు తగిలింది. నిమిషం కిందట చేతిలో దవాఖాన కవరు పట్టుకుని జబ్బు ఎవరిదో, ఎంతటిదో అన్న ఆలోచనే రాలేదు ఆమెకు. నౌకరి ఎవరికన్నదే అడిగింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సంచి వైపు చూస్తూ నిలబడింది.

షహజాదీ బేగం లేచింది. "ఇయ్యాల డ్యూటీకి పోయిండు గదా. దిగిండా కిందికి?"

"దిగొద్దన్న, భాబీ. నాకు సెలవున్నది, నువ్వు గూడ ఆగమన్న. ఇనలే."

"షిఫ్టు బస్సు ఎప్పుడొస్తది?"

"ఇంకో అరగంటకు."

"అక్కా, ఎండ మస్తున్నది, సారికను తోలిస్త," అంది మార్తమ్మ. ఆ గొంతులో పంచదార ఎప్పుడో పోయింది.

"వద్దు మార్తా. నేను పోయి ఆడ నిలబడ్త," అని షహజాదీ బేగం సారిక చేతిలోంచి కవరు తీసుకుని, బిడ్డను ఎత్తుకున్నట్టు ఛాతీకి ఆనించుకుని మెట్లు దిగింది. ఎండలో ఆమె చెప్పుల చప్పుడు రోడ్డు మలుపు దాకా వినిపించింది.

మార్తమ్మ సంచిని మంచం మీద పెట్టింది.

"ముందే నాకన్న చెప్తే ఏమాయె?" అంది మార్తమ్మ. "నేనేం డప్పు కొడుదునా?"

"మాటిచ్చిన గదా."

"అందరికి మాటలే ఇచ్చుకుంట పో. గిడియోన్ గూడ గదే మాట చెప్పిండు. వానికెందుకు చెప్పినవ్ మరి, అలీ అన్న సంగతి?"

"వానికి అలీ సంగతి తెల్వది."

"తెల్వదా? మరి నీళ్ల తొట్టి కాడ ఏం మాట్లాడిండ్రు?"

జ్ఞానయ్య మళ్లీ నేల చూపులు చూశాడు. ఆయన చెప్పడని అర్థమై సారిక సంచిలో చెయ్యి పెట్టింది. మడత పెట్టిన స్టాంపు కాగితం ఒకటి వచ్చింది. విప్పి చదివింది.

"'నా తండ్రిగారి ఉద్యోగమును నా చెల్లెలు సారికకు ఇచ్చుటకు నాకు ఎటువంటి అభ్యంతరము లేదు.' అన్న సంతకం పెట్టిండమ్మా. ఆదివారం తారీఖు ఉన్నది."

మార్తమ్మ ఆ కాగితం లాక్కుని చూసింది. కొడుకు సంతకం ఆమెకు గుర్తే. రెండేళ్లుగా ఈ ఇంట్లో ఆమె కొట్లాడింది దీనికోసమే. ఉపవాసాలున్నది దీనికోసమే. ప్రాణం లేచివచ్చినట్టయింది. కొడుకును, మొగుణ్ని ఇద్దరినీ అనరాని మాటలు అనుకున్నందుకు మనసులోనే ప్రభువును క్షమించమంది.

ఒక్క ఊపిరి సేపే ఆ సంతోషం.

"ఆదివారం ఎందుకు పెట్టిచ్చినవ్?"

ఆయన సంచి వైపు చూశాడు.

"రెండేండ్ల సంది అడుగుతున్న. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అన్నవ్. హైదరాబాద్ నుంచి దిగిన తెల్లారే గింత జల్ది ఏమొచ్చింది?"

"వచ్చే నెల దాటితే..."

"అబద్ధం చెప్పకు." ఆమె వచ్చి మంచం మీద ఆయన పక్కన కూర్చుంది. ఆయన ఎడమచెయ్యి పట్టుకుని చొక్కా పైకి మడిచింది. నీలి మచ్చ ఇప్పుడు పసుపుపచ్చగా మారుతోంది. "అలీ అన్నకు తోడు పోయినవ్. సరే. తోడు పోయినోని చేతికి సూదెందుకు?"



"నేనొక్కన్నే తీయించుకోను, నువ్వు తీయించుకుంటేనే తీయించుకుంట అని మొండికేసిండు," అన్నాడు జ్ఞానయ్య. "బాయి కాడికెల్లి ఎన్నడన్న ఒక్కరం ఇంటికొచ్చినమా అన్నడు. నేను గూడ నెత్తురిచ్చిన, ఫొటో తీయించుకున్న."

"ఏమన్నరు?"

"తెల్వది. అలీది డాక్టరు చూసి చెప్పిండు. నాది ఇచ్చేటాల్లకు డాక్టరు పోయిండు. కవరు అంటిచ్చి చేతుల పెట్టిండ్రు. అలీ మొఖం చూసినంక నాది తెరువబుద్ధి కాలే."

సారిక అప్పటికే సంచి అడుగున తడుముతోంది. ఖాకీ రంగు కవరు, మూత అంటించింది అంటించినట్టే ఉంది. మీద జ్ఞానయ్య పేరు.

"తెరువకుండనే గిడియోన్‌తోని సంతకం పెట్టిచ్చినవ్," అంది మార్తమ్మ. అది ప్రశ్న కాదు.

పొద్దుటి నుంచి ఆమెకు నిజం కావాలి. నిజం చెప్పు, నిజం చెప్పు అని పీకల మీద కూర్చుంది. ఇప్పుడు నిజం అరచెయ్యంత కవరులో పెట్టి బిడ్డ చేతిలో ఉంటే, ఆ గోల్కొండ అబద్ధమే బాగుందనిపించింది. ఆయన నిజంగానే కింద నిలబడి చప్పట్లు కొట్టి ఉంటే ఎంత బాగుండేది!

"అన్ని అబద్ధాలేనా?" అంది. "చార్మినార్ గూడనా?"

"చార్మినార్ నిజం." జ్ఞానయ్య తలెత్తాడు. "కాగితాలు సాయంత్రం ఇస్తమన్నరు. ఇంటికి పోయినంక ఏం చూసొచ్చినమని చెప్తం, అదన్న చూద్దామన్నడు అలీ. ఆయన నమాజు చేసుకొచ్చేదాక నేను గాజుల బజార్ల తిరిగిన. ఇంటిదానికేం తీసుకుంటవని ఒగడు చెయ్యి పట్టి గుంజుకపోయిండు. తర్వాత టికెట్ తీసుకొని ఎక్కినం."

"ఎక్కిండ్రా?"

"లోపట మెట్లు గుండ్రంగ తిరుగుతయ్. చీకటి, ఇరుకు. అచ్చం మన బాయిలెక్కనే ఉన్నది. ఇరవై మెట్లెక్కినమో లేదో ఆయన కూసున్నడు. ఆయన కూసుంటే నేను కూసున్న. నాకు గూడ ఊపిరి ఆడ్తలేదు. పిల్లలు, ఆడోళ్లు మమ్ముల దాటుకొని పైకి పోతుండ్రు. ముప్పై ఏండ్లు చీకట్ల దిగినోళ్లం, గీ చీకట్ల ఎక్కలేకపోతిమి కదరా అన్నడు అలీ. ఇద్దరం ఒకటే నవ్వుడు. అప్పటికి ఏం తెల్వది గదా."

చెబుతూ ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆ దగ్గు మార్తమ్మ ఏళ్లుగా వింటున్నదే. పొద్దున్నే కోడి కూసినట్టు అదీ ఇంట్లో ఒక చప్పుడని వదిలేసింది. ఇవాళ మొదటిసారి అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో చెవి పెట్టి విన్నది. ఆగడానికి చాలాసేపు పట్టింది.

"తెరువనా అమ్మా?" అంది సారిక. ఆ పిల్ల గోరు కవరు మూత మీద ఉంది.

"ఆగు."

"ఎంతసేపు ఆగినా లోపట రాసిందే ఉంటది గదా."

"ఆగుమన్న గదనే." మార్తమ్మ లేచి అల్మారా మీద నుంచి గాజుల డబ్బా దించింది. లక్క గాజులు, ఎర్రవి, మధ్యలో అద్దం ముక్కలు. డజను. మొదటి గాజు పిడికిలి దగ్గరే ఆగిపోయింది. కొలత తెలియకుండా తెచ్చాడు మహానుభావుడు. పెళ్లినాటి చెయ్యి అనుకున్నాడు కాబోలు.

"సబ్బు పట్టుకరా."

సారిక ఒక చేత్తో కవరు పట్టుకునే వెళ్లి సబ్బు తెచ్చింది. మార్తమ్మ చేతులు తడిపి, సబ్బు రుద్ది, మళ్లీ తోసింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపలేదు.

"వద్దులే, మార్పిచ్చుకొస్త," అన్నాడు జ్ఞానయ్య.

"ఏం మార్చేది లేదు."

ఆయనే చెయ్యి చాచి ఆమె పిడికిలి దగ్గరగా నొక్కి పట్టాడు. ఒక్కొక్కటే ఎక్కింది. కుడిచేతికి ఆరు, ఎడమచేతికి ఆరు. సబ్బు నురగ మంచం మీద, ఆయన పంచె మీద పడింది. రోడ్డు మీద షిఫ్టు బస్సు వచ్చి ఆగిన చప్పుడైంది. దిగేవాళ్ల మాటలు వినిపించాయి, వాటిలో షహజాదీ బేగం గొంతు లేదు.

పన్నెండో గాజు ఎక్కాక మార్తమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. ఒక చేత్తో మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇగ తెరువు బిడ్డా," అంది.